నల్ల ఇంపాలా మీద తెల్ల మచ్చలు

సాన్ ఇసిద్రో పండగకి ఇంకా ఒక్క రోజుంది. ఆ పొద్దున తొమ్మిదింటికి ఒనోఫ్రె ట్రుహీయో తన కారు షెడ్డులో పెట్టిన కేకకి పక్కింటి గాడిద పలుపు తెంపుకుని, నది ఈది, అవతలి కౌంటీలో తేలిందని లాస్ టాపియాస్ లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గాడిద సంగతి ఎలా ఉన్నా, వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న అతని భార్య క్లియోతిల్దె మాత్రం చేతిలో అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చింది.

“ఏమైందయ్యా? పాము కరిచిందా?”

ఒనోఫ్రె వేలు చూపించాడు.

ఆ వేలికి ఎదురుగా ఉన్నది అరవైమూడో సంవత్సరపు ఇంపాలా కారు. నల్లది. నలుపంటే అంతా ఇంతా నలుపు కాదు, పద్దెనిమిది పూతల నలుపు. అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఒనోఫ్రె గీసుకునేవాడు కూడా. ఒకసారి ఈగ ఒకటి దాని మీద వాలి, జారి, కాలు విరగ్గొట్టుకుందని, కుంటుకుంటూ పోవడం తాను కళ్ళారా చూశానని తల్లి మీద ఒట్టేసి చెప్పేవాడు. ఆ నలుపు మీద, ముందు రేకు నిండా, పైకప్పు నిండా, ఇవాళ కందిబద్దంత కందిబద్దంత తెల్లటి ఉంగరాలు. ఎనిమిదింటికి కడిగాడు. ఎప్పటిలాగే గుడ్డ పెట్టకుండా ఆరడానికి వదిలి కాఫీ తాగొచ్చాడు. వచ్చేసరికి ఇదీ.

“మచ్చలు,” అన్నాడు చివరికి, శవాన్ని గుర్తుపట్టినవాడిలా.

“ఓస్, అంతేనా! ఎవరో పోయారనుకున్నా,” అని క్లియోతిల్దె వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. “అయ్యో,” అంది. ఆమెకీ గుర్తొచ్చింది. సాయంత్రం ఆరింటికి చర్చి ముందు కార్ల పరీక్ష. రేపు సాన్ ఇసిద్రోని ఏ కారు పొలాల వెంట ఊరేగిస్తుందో తేలేది అప్పుడే.

ఈ ఊరేగింపు ట్రుహీయోల ఇంట్లో నలభై ఏళ్ళ పుండు. సాన్ ఇసిద్రో రైతుల దేవుడు. మూడడుగుల చెక్క విగ్రహం, పక్కన దున్నే ఎడ్ల జత. పూర్వం ఆయన ఎడ్లబండి మీద వెళ్ళేవాడు, తర్వాత ట్రక్కు మీద వెళ్ళాడు. కరువొచ్చిన ఒక ఏడు ఆ భాగ్యం ఒనోఫ్రె తండ్రి ట్రక్కుకి దక్కింది. సరిగ్గా వంతెన మధ్యలో ట్రక్కు చచ్చి ఊరుకుంది. సాన్ ఇసిద్రో నలుగురి భుజాల మీద, ఎండలో, మూడు మైళ్ళు పోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి “ట్రుహీయోలకి సాన్ ఇసిద్రోని అప్పగిస్తే నడిచే పోతాడు” అన్న మాట లోయలో స్థిరపడిపోయింది. పెళ్ళిళ్ళలో అంటారు. దినాల్లో అంటారు. తండ్రి చనిపోయినప్పుడు శవపేటిక మోస్తూ కూడా ఒకడు అన్నాడు.

ఇక ఒనోఫ్రె. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కౌంటీ మట్టిరోడ్లు చదును చేసే గ్రేడరు బండి తోలతాడు. వారమంతా లోయలో దుమ్ము లేపడం, శనాదివారాలు ఆ దుమ్మునే కారు మీద నుంచి కడగడం అతని బతుకు. దుమ్ముతో పేచీ లేదు. పేచీ నీళ్ళతో. లాస్ టాపియాస్ బావినీళ్ళు ఎంత గట్టివంటే, కాఫీ కెటిల్ లోపల ఏడాది తిరిగేసరికి తెల్లగా రాయి కడుతుంది. నీళ్ళు పోసింది కెటిల్‌లోనా, కెటిల్ పెరిగింది నీళ్ళ చుట్టూనా అన్నది తెలియదు. అంత ఎత్తు కొండల్లో ఎండేమో నీటిచుక్కని కింద పడనీయకుండా తాగేస్తుంది. తాగి ఎంగిలి వదిలిపోతుంది. ఆ ఎంగిలే మచ్చ. గుడ్డతో తుడిస్తే మచ్చ పోయి, వెంట్రుకంత గీతలు పడతాయి. నల్లకారువాడికి మచ్చ ఒక నరకమైతే, గీత ఇంకో నరకం.

తొమ్మిదేళ్ళ కిందట మోకాలు చూపించుకోవడానికి శాంతా ఫే పట్నం వెళ్ళాడు. ఆసుపత్రి కిటికీలు కడిగేవాడొకడు పొడుగాటి బ్రష్షుతో మూడో అంతస్తు అద్దాలు తడిపి, తుడవకుండానే పోతున్నాడు. ఒనోఫ్రె అక్కడే నిలబడ్డాడు. అద్దాలు ఆరాయి. ఒక్క మచ్చ లేదు. నమ్మలేక ఇంకో గంట నిలబడ్డాడు. డాక్టరు పిలుపు పోయింది, మోకాలి నొప్పి ఎప్పుడు పోయిందో తెలియలేదు. పరిగెత్తి ఆ మనిషిని పట్టుకున్నాడు.

“నీళ్ళలో ఏమీ లేకపోతే, ఆరాక ఏం మిగులుతుంది పెద్దాయనా?” అన్నాడు వాడు.

ఆ మాట ఒనోఫ్రెకి వేదవాక్కైంది. నెల తిరిగేసరికి కారు షెడ్డులో రెండు నీలం సిలిండర్లు నిలబడ్డాయి. వాటి నిండా చేపగుడ్లలాంటి పూసలు. బావినీళ్ళు ఒక పక్క నుంచి దూరి, ఆ పూసలకి తమ సున్నమూ ఉప్పూ అప్పగించేసి, రెండో పక్క నుంచి ఏమీ లేనివై బయటపడతాయి. బయటపడే గొట్టానికి, నీళ్ళలో ఎంత కరిగి ఉందో చెప్పే చిన్న మీటరు. బావి దగ్గర అది నాలుగొందల ఎనభై చూపిస్తే, ఇక్కడ సున్నా. ఒనోఫ్రె వాటిని ‘సున్నా నీళ్ళు’ అనేవాడు. బావి నెమ్మది, పంపు ముసలిది. సన్నటి ధార తప్ప రాదు. అందుకని ఆ ధార కింద మూతున్న తెల్ల డ్రమ్ము పెట్టి, వారమంతా నింపుకుని, శనివారం చిన్న పంపుతో కారు మీద జల్లేవాడు. జల్లి వదిలేస్తే చాలు. ఆరిపోయాక కారు అప్పుడే పుట్టినట్టుండేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు మీటరు చూపించాకే కుర్చీ చూపించేవాడు.

“ఏమీ లేని నీళ్ళకి ఇంత ఊరేగింపా?” అనేది అత్తగారు రమోన్సిత.

రమోన్సితకి డెబ్బై తొమ్మిది. లోయలో ఆమెకి భయపడనివాళ్ళు ఇద్దరే. ఒకరు సాన్ ఇసిద్రో, ఇంకొకరు ఇంకా పుట్టలేదు. ఆమె వండే చిక్కుడు గింజలకి మాత్రం ఎంతటివాళ్ళూ మోకరిల్లుతారు. ఆ గట్టినీళ్ళలో ఎవరు వండినా గింజ పొద్దంతా ఉడికి, సాయంత్రానికి కూడా గులకరాయిలా పంటికి తగులుతుంది. రమోన్సిత గింజలు రెండు గంటల్లో వెన్న. తొక్క చిట్లదు, పిండి కారదు. ఆమె ప్రార్థన బలమని కొందరు, కుండ మహిమని కొందరు అనేవాళ్ళు. ఆమె ఏదీ కాదనేది కాదు.

ఈ ఏడు చర్చి పెత్తనం ఆమెకొచ్చింది. దేవుడి కారుని ఎంచేదీ ఆమే, పండగనాడు మూడొందల మందికి గింజలు వండేదీ ఆమే. పదకొండేళ్ళుగా దేవుణ్ణి మోస్తున్నది ఆమె మేనల్లుడు ఫెర్మిన్ మాయెస్తాస్ కారు, పాలలాంటి తెల్లది. ఈస్టరు నాడు అందరి ముందూ ఆమె ఒక మాట అనేసింది: “అల్లుడని చూడను, మేనల్లుడని చూడను. దేవుడెక్కే కారు మచ్చ లేకుండా ఉండాలి. ఒనోఫ్రె కారు మీద ఒక్క మచ్చ కనిపించిందా, సాన్ ఇసిద్రో ఫెర్మిన్ బండే ఎక్కుతాడు.”

ఆ ఒక్క మచ్చ స్థానంలో ఇవాళ రెండు వేల మచ్చలు.

ఒనోఫ్రె మీటరు దగ్గరికి పోయాడు. సున్నా. వేలితో తట్టాడు. సున్నా. బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టాడు. సున్నానే. దిమ్మ తిరిగింది. సున్నా నీళ్ళకి మచ్చలు రావడమంటే గొడ్రాలికి కవలలు పుట్టినట్టు. వెనక రేకు ఒక్కటీ వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, డ్రమ్ములోంచి మళ్ళీ జల్లి, స్టూలేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. రెప్ప వెయ్యలేదు. పది నిమిషాలకి నలుపులోంచి ఒక ఉంగరం తేలింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే రేకంతా పొక్కింది.

అప్పుడే ఫెర్మిన్ వచ్చాడు, పండగకి కావలసిన మడత కుర్చీలు రెండు చంకల్లో పెట్టుకుని. కారు చూసి కుర్చీలు వదిలేశాడు.

“బావా! ఏంటిది? కారుకి ఆటలమ్మ పోసిందా?”

“నవ్వు, నవ్వు. నీ నోట్లో చక్కెర పోశారుగా.”

“వేపాకులు తేనా? స్నానం ఎప్పుడు పోయిస్తున్నావు?”

“ఫెర్మిన్,” ఒనోఫ్రె లేచాడు, “నిజం చెప్పు. నా డ్రమ్ములో ఏం కలిపావు?”

ఫెర్మిన్ మొహంలో నవ్వు టక్కున ఆగిపోయింది. లోయలో ఒకణ్ణి దొంగ అనొచ్చు, తాగుబోతు అనొచ్చు, మర్నాడు కలిసి కాఫీ తాగొచ్చు. ఎదుటివాడి నీళ్ళు చెడగొట్టావు అంటే మాత్రం మూడు తరాలు మాటలుండవు.

“నీ కారంటే నాకు కుళ్ళు బావా. కాదనను. రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టదు. కానీ నీళ్ళ జోలికొస్తానా నేను? మా తాత ముప్పై ఏళ్ళు ఊరికి నీళ్ళ వంతులు పంచిన కాలువ పెద్ద. ఆయన మనవణ్ణి పట్టుకుని ఆ మాట ఎలా అన్నావు?” కుర్చీలు ఏరుకుని వెళ్ళిపోయాడు. ఒకటి మర్చిపోయాడు కూడా.

ఒనోఫ్రెకి తప్పు చేశానేమో అనిపించింది. అయినా అనుమానం చావలేదు. చేసినవాడు మళ్ళీ రాకపోడు. పట్టుకుందామని కారెక్కి, ముందు సీటు దగ్గర కాళ్ళు పెట్టుకునే చోట నక్కాడు. అయిదడుగుల పదకొండంగుళాల మనిషి, బంగాళాదుంపల బస్తాలా ముడుచుకుని, కిటికీ అంచు మీదుగా ఒంటికంటితో డ్రమ్మునే చూస్తూ కూర్చున్నాడు.

పదకొండు దాటింది. అడుగుల చప్పుడు. పెరటివైపు తలుపులోంచి, సాన్ ఇసిద్రో పాట కూనిరాగం తీసుకుంటూ, చేతిలో నీలం పింగాణీ బకెట్టుతో వచ్చింది రమోన్సిత.

నీళ్ళు ఎంత దాకా ఉన్నాయో అక్కడ డ్రమ్ము మీద పెన్సిలుతో గీత గీసి, మూత తీసింది. బకెట్టు ముంచింది. పట్టుకెళ్ళింది. వచ్చింది. మళ్ళీ ముంచింది. మూడుసార్లు. ఒనోఫ్రె నోరు తెరుచుకుపోయింది, కేక మాత్రం రాలేదు. ఆ తర్వాత జరిగింది చూసి నోరు ఇంకా తెరుచుకుంది. ఆమె పెరటి మొక్కలకి పోసే రబ్బరు గొట్టం లాక్కొచ్చి, డ్రమ్ములో పెట్టి, బావినీళ్ళు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుని, ఒంగి, డ్రమ్ము పక్కన పెన్సిలుతో గీసిన సన్నటి గీత చూసింది. నీళ్ళు గీత దగ్గరికి రాగానే గొట్టం తీసింది. ఇంకా వెంట్రుకవాసి తక్కువుందని తోచినట్టుంది, దోసిలితో కాసిని పోసింది. మూతేసి, శిలువ గుర్తు వేసుకుంది.

“అత్తా!” అని లేవబోయాడు ఒనోఫ్రె. మోచెయ్యి డాష్‌బోర్డు కింద, సరదాకి కారుని గెంతించడానికి బిగించుకున్న హైడ్రాలిక్ మీటలకి తగిలింది. ఇంపాలా ముందుభాగం మూడడుగులు గాల్లోకి గెంతి, దబ్బున నేలమీద పడింది. రమోన్సిత బకెట్టు వదిలేసి “సైతాను!” అని అరిచింది. కారులోంచి అల్లుడు బయటికి దొర్లాడు.

“ఎంత భయపెట్టావయ్యా! డెబ్బై తొమ్మిదేళ్ళదాన్ని. గుండె ఆగితే రేపు గింజలెవరు వండుతారు?”

“అత్తా, నా డ్రమ్ములో ఏం పోశావు?”

“నీళ్ళు. ఇంకేం పోస్తారు?”

“ఏ నీళ్ళు?”

“మా నాన్న తవ్వించిన బావినీళ్ళు. నీ సున్నా నీళ్ళు మూడు బకెట్లు తీసుకున్నా, మూడు బకెట్లు పోశా. చుక్క తగ్గలేదు, గీత చూసుకో. ఊళ్ళో పంపులు లేనప్పుడు ఏ ఇంటి పీపాలో నీళ్ళు ముంచినా గీత దాకా నింపి వచ్చేవాళ్ళం. ఎవరికీ బొట్టు బాకీ లేని మనిషిని. నన్ను దొంగలా చూస్తావేం?”

ఒనోఫ్రె డ్రమ్ము పట్టుకుని నెమ్మదిగా కింద కూలబడ్డాడు. మీటరుది తప్పు కాదు. అది కొలిచేది డ్రమ్ములోకి పడే ధారని. పడ్డాక ఏం జరిగిందో దానికేం తెలుసు?

“ఎప్పట్నుంచి?” అన్నాడు నీరసంగా.

“మూడేళ్ళు అయుంటుంది. వారానికో చెంబు. గింజలకి.”

“గింజలకా?”

“ఒకసారి కాలువ ఎండి, బావిలో పంపు పాడై, దిక్కులేక నీ డ్రమ్ములో ముంచా. రెండు గంటల్లో వెన్నలా ఉడికాయి. నేనే కొయ్యబారిపోయా అల్లుడూ. అరవై ఏళ్ళు వండా, అలాంటి గింజ చూడలేదు. ఈ వారం మూడొందల మందికి కదా, గురువారం ఆరు బకెట్లు నానబెట్టడానికి తీసుకున్నా, ఇవాళ మూడు. అన్నీ తిరిగి పోశా.”

“అది తాగే నీళ్ళు కాదత్తా!”

“నేనెక్కడ తాగా? గింజలు తాగాయి.”

ఒనోఫ్రె భార్య వైపు చూశాడు. ఆమె ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి అట్లకాడని శ్రద్ధగా పరిశీలిస్తోంది.

“నీకు తెలుసా?”

“కాస్త తెలుసు,” అంది క్లియోతిల్దె.

“కాస్తంటే?”

“పెన్సిలు నేనే ఇచ్చా.”

మూడేళ్ళు. లోయంతా లొట్టలేసిన గింజలు. పాదిరి గారు మూడోసారి వడ్డించుకుని కళ్ళు మూసుకున్న గింజలు. అవన్నీ తన కారు నీళ్ళు! ఒనోఫ్రెకి ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో తేలలేదు. ముక్కులోంచి విచిత్రమైన చప్పుడొకటి వచ్చింది.

“మంచినీళ్ళలో మంచినీళ్ళు కలిపితే చెడిపోవడమేంటి?” రమోన్సితకి ఇంకా కోపమే. “మా నాన్న బావి మురికిదా?”

ఒనోఫ్రె లేచాడు. కారు పక్క అద్దం మీద వేలితో సిలిండరు గొట్టం నుంచి ఒక చుక్క, రబ్బరు గొట్టం నుంచి ఒక చుక్క పెట్టాడు. ముగ్గురూ ఎండలో ఒంగి చూస్తూ నిలబడ్డారు. మొదటి చుక్క చిన్నదై, ఇంకా చిన్నదై, లేకుండా పోయింది. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టే. రెండోది ఆరి, తెల్లగా ఉంగరం కట్టుకుని కూర్చుంది. రమోన్సిత కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. వేలితో ఉంగరం తాకింది. గోటితో గీకింది.

“డెబ్బై తొమ్మిదేళ్ళు,” అంది గొంతు తగ్గించి. “ఇదా నేను తాగింది?”

“రాయి తాగావు కాబట్టే రాయిలా ఉన్నావమ్మా,” అంది క్లియోతిల్దె.

ముసలమ్మ నవ్వలేదు. కారు చుట్టూ తిరిగింది. పైకప్పు చూసింది, రేకు చూసింది. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇవన్నీ నేనే పెట్టానా?” అని అడిగింది.

గంట పన్నెండైంది. డ్రమ్ము పారబోసి, కడిగి, మళ్ళీ నింపాలి. ధార చూస్తే గంటకి ఇరవై లీటర్లు. కారుకి కనీసం వంద కావాలి. అయిదున్నరకల్లా ఎలాగో సరిపోతుందని ఒనోఫ్రె లెక్కేశాడు. డ్రమ్ము వంచాడు. నీళ్ళు గలగలా మొక్కజొన్న మడిలోకి పోతుంటే వెనక నుంచి రమోన్సిత గొంతు వినిపించింది.

“అల్లుడూ. పొయ్యి మీద నాలుగు డేగిసాలున్నాయి. నీళ్ళు ఇగురుతున్నాయి. ఇప్పుడు బావినీళ్ళు పోస్తే గింజ బిగుసుకుంటుంది.”

“అత్తా, నలభై ఏళ్ళుగా...”

“తెలుసు. వంతెన మీద నీ మామ కూడా భుజం పట్టాడు. నాకు చెప్తావేం? మూడొందల మంది పళ్ళు విరగ్గొట్టుకుంటే మరి?”

ఇద్దరూ ఆ సన్నటి ధారని చూస్తూ నిలబడ్డారు. నీళ్ళ దగ్గర ఇద్దరు నిలబడితే లోయలో చేసేది ఒకటే, వంతులు వేసుకోవడం. రమోన్సిత గోడ గడియారం కిందికి దింపించి డ్రమ్ము మీద పెట్టింది. ఒంటిగంట నుంచి మూడు దాకా గింజలకి, మూడు నుంచి అయిదున్నర దాకా కారుకి. మూడు కొట్టగానే తన బకెట్టు సగమే నిండినా ముసలమ్మ పక్కకి లాగేసింది. “నా వంతు అయిపోయింది,” అంది. అంతకుముందు నిండిన గంటతో కలిపి, అయిదున్నరకి ఒనోఫ్రె చేతిలో డెబ్బై లీటర్లున్నాయి.

వెనిగరు నీళ్ళతో మచ్చలన్నీ దించి, పైనుంచి మొదలుపెట్టాడు. పైకప్పు, అద్దాలు, ముందు రేకు, వెనక రేకు, కుడి తలుపు. పొదుపుగా, పసిబిడ్డకి తలంటినట్టు జల్లాడు. ఎడమ తలుపు సగానికి వచ్చేసరికి పంపు గాలి కక్కింది. కింది సగం వెనిగరు మరకలతో, బావినీళ్ళ చారలతో అలాగే ఉండిపోయింది. తుడవడానికి గుడ్డ తీశాడు. తీసి, మళ్ళీ పెట్టేశాడు. తుడిస్తే గీతలు పడతాయి. పైగా అది మోసం.

“ఎడమవైపు గోడకి ఆనించి నిలబెట్టు,” అంది క్లియోతిల్దె.

“మీ అమ్మ గోడ జరిపి చూస్తుంది,” అన్నాడు.

ఆరింటికి చర్చి ముందు జనం. తెల్లకారు ఒక పక్క, నల్లకారు ఒక పక్క. ఫెర్మిన్ ఒనోఫ్రె వైపు చూడలేదు. నల్లకారు మీద వాలుటెండ పడి పైకప్పు మండుతోంది. చూసినవాళ్ళు “ఓహో” అన్నారు. రమోన్సిత నల్ల శాలువా కప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, కుడివైపు నుంచి నడిచింది. ముందు రేకు చూసింది. తల ఊపింది. ఎడమవైపు వచ్చి ఆగింది. ఒంగింది. చాలాసేపు లేవలేదు.

ఒనోఫ్రె తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆమె చూసిందని తెలుసు. ఆమె మాట మాటేనని తెలుసు. వెనక నుంచి ఎవడో అప్పుడే మొదలెట్టాడు: “ట్రుహీయోలకి అప్పగిస్తే...”

“మచ్చలున్నాయి,” అంది రమోన్సిత లేచి. “మాటంటే మాట. సాన్ ఇసిద్రో ఫెర్మిన్ కారు ఎక్కుతాడు.”

గొణుగుడు మొదలైంది. ఆమె చెయ్యెత్తింది.

“నోరు మూయండి, ఇంకా అవలేదు. ఆ మచ్చలు అల్లుడివి కావు. నావి. నేను పెట్టా.”

చర్చి గంట మీది పావురాలు కూడా కదల్లేదంటారు.

“మూడేళ్ళుగా మీరు తిన్న నా గింజలు నా ప్రార్థనతో ఉడకలేదు. కుండతోనూ కాదు. ఒనోఫ్రె కారు కడిగే నీళ్ళతో ఉడికాయి. చెప్పకుండా తీసుకున్నా. తిరిగి పోశా గానీ, బావినీళ్ళు పోశా. అందుకు మచ్చలొచ్చాయి. ఇవాళ తన నీళ్ళలో సగం మీ గింజలకి ఇచ్చి, సగంతో కారు కడుక్కున్నాడు. అందుకు ఈ తలుపు మిగిలింది. వంతెన మాట ఇంకోసారి ఎవరి నోటైనా విన్నానా, వాడికి రేపు గింజలుండవు.”

పాదిరి గారు తన పొట్ట మీద చెయ్యేసుకుని చూసుకున్నారు. ఎవరో ముసలావిడ “కారు నీళ్ళా?” అంది, “అయితే మాకూ కావాలి” అన్నట్టున్న గొంతుతో. ఫెర్మిన్ కళ్ళు రెండూ బయటికొచ్చాయి. గబగబా వచ్చి ఒనోఫ్రె ముందు నిలబడ్డాడు.

“బావా, నేను కాదని చెప్పానా లేదా?”

“చెప్పావు. తప్పు నాదే. క్షమించు.”

“క్షమించడం తర్వాత. అత్త తప్పు ఒప్పుకుంది! నువ్వు విన్నావా? నా చెవులు పాడవలేదుగా?”

ఒనోఫ్రె విన్నాడు. వినే కదలకుండా నిలబడ్డాడు. ముప్పై రెండేళ్ళుగా ఆమె అల్లుడు అతను. ఆ ముప్పై రెండేళ్ళలో రమోన్సిత వానని తప్పు పట్టింది, బిషప్పుని తప్పు పట్టింది, గడియారాన్ని తప్పు పట్టింది. తనది తప్పని ఒక్కసారీ అనలేదు. దేవుడు కారెక్కలేదన్న సంగతి అతనికి చాలాసేపటి దాకా గుర్తే రాలేదు. గుర్తొచ్చినప్పుడు బాధేసింది, అబద్ధమెందుకు. కానీ కన్నీళ్ళొచ్చింది అందుకు కాదు.

మర్నాడు పొద్దున సాన్ ఇసిద్రో తెల్లకారు ఎక్కి, ఎడ్ల జతతో సహా, కాలువ గట్టు వెంట బయల్దేరాడు. వెనకాలే నల్లకారు. దాని వెనక సీటులో, బొంతల మధ్య, నాలుగు డేగిసాల గింజలు. ముందు సీటులో, ఒనోఫ్రె పక్కన, రమోన్సిత. దారి పొడుగునా జనం తెల్లకారుకి శిలువ గుర్తు వేసుకుని, నల్లకారుకి గిన్నెలు ఊపారు. వంతెన వచ్చింది. స్టీరింగు మీద ఒనోఫ్రె వేళ్ళు తెల్లబడ్డాయి. నల్లకారు వంతెన దాటింది.

“అల్లుడూ,” అంది రమోన్సిత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“ఏంటత్తా?”

“నీ నీళ్ళు మంచివేనయ్యా.”

ఒనోఫ్రె కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. వెనక డేగిసా ఒకటి తలకిందులై, తెల్లటి తోలు సీటు నిండా గింజలు, రసం, ఎర్ర మిరప కారం. జనం “అయ్యో అయ్యో” అని పరిగెత్తుకొచ్చారు. కారు వెంట నడుస్తున్న క్లియోతిల్దె తువ్వాలు పట్టుకుని తలుపు తీసింది.

“ఇంకోసారి అనత్తా,” అంటున్నాడు ఒనోఫ్రె. అతను వెనక్కి తిరిగి చూడలేదు.